ఒంటిపూట బడులు... ఒంటికి కొత్త ఎండలు!

ఒంటిపూట బడులు మొదలైతే ఇంట్లో అందరి దినచర్యా మారిపోతుంది. తెల్లారకుండానే టిఫిన్లు కట్టాలి. మిట్టమధ్యాహ్నం పిల్లలు మొహాలు కందిపోయి ఇంటికొస్తారు. పెద్దవాళ్లు బ్యాంకు పనులకీ, పెళ్లిపిలుపులకీ ఆ ఎండలోనే బయల్దేరుతారు. ‘ఇంకా మార్చే కదా, అసలు ఎండలు మేలో ఉంటాయిలే’ అని మీరూ అనుకుంటున్నారా? చిక్కంతా అక్కడే ఉంది.

ఎండకు అలవాటు పడటానికి శరీరానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలవాటు పడ్డాక చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువగా పోతుంది. తొలి ఎండల్లో ఆ సర్దుబాటు ఇంకా జరగదు. అందుకే మేలో తట్టుకునే ఎండే మార్చిలో కళ్లు తిరిగేలా చేయొచ్చు. కొన్నాళ్లు బయటి పనులు పదకొండులోపు ముగించుకోండి. పిల్లల క్రికెట్‌ను సాయంత్రం ఐదు తర్వాతకు జరపండి. ‘రెండు నిమిషాల్లో వస్తా’ అని వాళ్లను కారులో వదిలి వెళ్లొద్దు. అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరిగిపోతుంది.

ఎండలోకి వెళ్లనివాళ్లకు భయం లేదనుకోకండి. మంట ఆరిపోతుందని ఫ్యాను కూడా వేసుకోకుండా, పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడే అమ్మను ఎవరూ లెక్కలోకి తీసుకోరు! ఒక కిటికీ తెరవండి, వంట పని పొద్దున్నే ముగిసేలా తలో చేయీ వేయండి.

ఇక తాతయ్యలు, నాయనమ్మలు. వయసు మీద పడితే దాహం తెలియడం తగ్గుతుంది. దాహం లేదన్నారంటే నీళ్లు చాలినట్టు కాదు. బీపీకో, కాళ్ల వాపులకో మూత్రం ఎక్కువగా వెళ్లే మాత్రలు వాడుతుంటే ఒంట్లో నీరు ఇంకా త్వరగా తగ్గుతుంది. మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే డాక్టరుతో మాట్లాడండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు నీళ్లు ఎంత తాగాలన్నదీ డాక్టరే చెప్పాలి.

నీరసం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం వడదెబ్బకు ముందు హెచ్చరికలు. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడిచి, కొద్దికొద్దిగా తాగిస్తే చాలామంది తేరుకుంటారు. పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా ఆలస్యం చేయొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఒళ్లంతా తడుపుతూ గాలి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఓఆర్ఎస్ ఇంట్లో ఉంచుకోండి. ఆ పేరు తగిలించుకుని వచ్చే తీపి పానీయాలతో జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలపై ‘ఓఆర్ఎస్’ అని రాయకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో ఒకేసారి మొత్తం కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున కలపొద్దు. చిన్న ప్యాకెట్లయితే ఎన్ని నీళ్లు పోయాలో దాని మీదే ఉంటుంది. కలిపింది 24 గంటల్లో అయిపోవాలి.

ప్యాకెట్ దొరకలేదా? కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు వేయండి. చెంచా కొలత తలగొట్టి ఉండాలి సుమా! ముందు మీరే ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.