అక్షరము తడబడు పిల్లలు

కథ చెప్పిన చక్కగా గ్రహించును. ప్రశ్న వేసిన నోటితో బదులు చెప్పును. పుస్తకము చేతికిచ్చినచో అక్షరముల వద్ద ఆగిపోవును. ఇట్టి బాలుని సోమరి యనియో, మందమతి యనియో మన యిండ్లలో తరచుగా నిందింతురు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు, తెలివిగల పదునాలుగేండ్ల బాలు డొకడు చదువ నేర్వలేకపోవుటను వైద్యపత్రికలో వివరించెను. దీనిని నేడు డిస్లెక్సియా యందురు. ధ్వనిని అక్షరముతో జతపరచుటయందే వీరికి ముఖ్యమైన చిక్కు.

పాఠశాల చేయదగిన సాయ మేమి? మొదటిది బోధన. ఒక్కొక్క ధ్వనిని పలికించుచు, అక్షరమును చూపుచు, ఇసుకలో వ్రేలితో దిద్దింపవలెను. కన్ను, చెవి, చేయి ఒకదానికొకటి తోడగును. మన వీధిబడులలో ఓనమాలు ఇసుకలో దిద్దించిన వాడుక పెద్దల కెరుకయే. బ-భ, ప-ష వంటి పోలికగల అక్షరములను ఒకేసారి నేర్పరాదు. గుణింతము కుదిరిన పిదపనే ఒత్తులు చెప్పవలెను. తరగతిలో అందరియెదుట బిగ్గరగా చదువుమని బలవంతపెట్టరాదు.

రెండవది పరీక్ష. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ యిబ్బందిని త్వరగా కనిపెట్టి తగిన బోధన చేయుటను విద్యాసంస్థల విధిగా నిర్ణయించినది. అర్హులకు వ్రాతగాని సాయమును, గంటకు కనీసము 20 నిమిషముల అదనపు కాలమును ఈయవలెనని 2018లో కేంద్రప్రభుత్వము సూచించినది.

కావున తల్లిదండ్రులు బెత్తమును విడిచి, ముందుగా ఉపాధ్యాయునితో మాటాడవలెను. ఆలస్యమైన కొలదిని బాలుడు కోల్పోవునది అక్షరములను మాత్రమే కాదు, తనపై తనకుగల నమ్మకమును గూడ.