ఛాయ మాత్ర డల్లాస్‌లో దొరకదు

ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దీనికీ అమెరికా ప్రయాణానికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. అమ్మ, అత్తగారు, పిన్ని... చాలా ఇళ్లలో అందరూ ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. గర్భనిరోధక మాత్ర మరిచిపోతే ఏం చేయాలో, ఏ మాత్ర ఎవరికి పడదో చెప్పేవారు ఇంట్లో ఉండరు. ఎమ్మెస్ చదువుకో, భర్త ఉద్యోగం మీదో డల్లాస్ వెళ్లే అమ్మాయి ఈ విషయంలో తరచుగా ఆ ఇంట్లో మొదటి తరం.

ఆమె ఛాయ వాడుతుంటే మొదటి చిక్కు అక్కడే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు ఇది. 1991లో ‘సహేలీ’గా మార్కెట్లోకి వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ‘ఛాయ’ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. ఇందులో హార్మోను లేదు. మామూలు మాత్రలు అండం విడుదలను ఆపితే, ఇది ఆ జోలికి పోదు. గర్భాశయంలో ఈస్ట్రోజన్ పనికి అడ్డుపడి, పిండం చేరే వేళకు లోపలి పొర సిద్ధంగా లేకుండా చేస్తుంది. ఒంట్లో మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి చాలు. మన శాస్త్రవేత్తలు గర్వంగా చెప్పుకోదగ్గ మందే, కానీ అమెరికాలో దీనికి అనుమతి లేదు. ఛాయ వాడేవారు టికెట్ కొన్నప్పుడే డాక్టరును కలిసి, మధ్యలో ఖాళీ రాకుండా మరో పద్ధతికి మారడం మంచిది.

మాలా-డి వాడేవారికి ఆ బెంగ లేదు. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియకపోవచ్చు. అందులోని లీవోనార్జెస్ట్రల్ 0.15 మి.గ్రా., ఎథినైల్ ఎస్ట్రడయాల్ 0.03 మి.గ్రా. మాత్రం అక్కడా రకరకాల పేర్లతో దొరుకుతాయి. స్ట్రిప్ వెనక అట్టను ఫోటో తీసి ఉంచుకోండి.

ఇక గడియారం సంగతి. హైదరాబాద్‌లో రాత్రి 9 గంటలంటే వేసవిలో డల్లాస్‌లో ఉదయం పదిన్నర. అక్కడికెళ్లాక కూడా రాత్రి తొమ్మిదికే వేసుకుంటానంటే, ఆ ఒక్కసారికి రెండు మాత్రల మధ్య ముప్పైనాలుగున్నర గంటలు గడుస్తాయి. రెండు హార్మోన్లున్న మాత్రకు ఆ ఆలస్యం ఫర్వాలేదు. ఒక్క ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మినీపిల్ అలా కాదు. 2023లో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మేందుకు అమెరికా అనుమతించిన ‘ఓపిల్’ ఆ రకానిదే. మూడు గంటలు ఆలస్యమైతే తర్వాతి 48 గంటలు కండోమ్ కూడా వాడాలి. వేళ మార్చుకోవాలనుకుంటే మాత్రను ముందుగా వేసుకోవాలి కానీ ఆలస్యంగా కాదు.

చట్టం గురించి అనవసరమైన భయాలు చాలా ఉన్నాయి. టెక్సస్ నిషేధించింది గర్భస్రావాన్ని, గర్భనిరోధకాలను కాదు. 72 గంటల లోపు వేసుకునే అత్యవసర మాత్ర అక్కడి మందుల షాపుల్లో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతుంది. అది అండం విడుదలను వాయిదా వేస్తుందే తప్ప, వచ్చిన గర్భాన్ని తీసేయదు. అయితే మన దేశంలో డాక్టరు సలహాతో 20 వారాల దాకా గర్భస్రావానికి వీలుంది కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు. తల్లి ప్రాణానికో, ఆరోగ్యానికో తీవ్రమైన ముప్పు ఉంటే తప్ప టెక్సస్‌లో ఆ దారి మూసేశారు. నా మటుకు, నిరోధక పద్ధతిని ముందే స్థిరపరచుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఖర్చు విషయం బీమాను బట్టి ఉంటుంది. ఉద్యోగం ద్వారా వచ్చే బీమాల్లో చాలావరకు డాక్టరు రాసిన గర్భనిరోధకాలకు, కాపర్-టీకి కూడా, పైసా తీసుకోకూడదు. విజిటర్ ఇన్సూరెన్స్‌లకు ఆ నిబంధన లేదు.

రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవడం కష్టమనుకునేవారు ఇక్కడే కాపర్-టీ 380ఎ వేయించుకుని వెళ్లవచ్చు, అది పదేళ్లు పనిచేస్తుంది. మాత్రలే కావాలనుకుంటే ముందు బీపీ చూపించుకోండి. కళ్లముందు మెరుపులు కనిపించి ఆ తర్వాత వచ్చే మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నా డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటివారికి ఈస్ట్రోజన్ మాత్ర ప్రమాదం కావచ్చు.