రుఖ్సత్, అజీమత్: ఇమామ్ అహ్మద్ ఉదంతం

హృదయం విశ్వాసంతో స్థిరంగా ఉన్నంతవరకు, బలవంతాన నోట పలికిన మాటకు దోషం లేదని దివ్య ఖుర్ఆన్ (16:106) తెలుపుతున్నది. ధర్మశాస్త్రవేత్తలు దీనిని రుఖ్సత్, అనగా సడలింపు, అన్నారు. సడలింపు ఉండి కూడా కఠిన మార్గాన నిలబడటం అజీమత్. దౌర్జన్య ప్రభుత్వం ఎదుట ఎవరికి ఏది తగినది? క్రీ.శ. 833 (హిజ్రీ 218)లో బాగ్దాద్ ఉలమాకు ఈ ప్రశ్న గ్రంథాలలో కాక అధికారి ఎదుట ఎదురైంది.

ఖుర్ఆన్ సృష్టింపబడినదన్న సిద్ధాంతాన్ని ఖాజీలు, హదీసువేత్తలు అంగీకరించాలని అబ్బాసీ ఖలీఫా మామూన్ ఆ ఏడు ఫర్మానా పంపాడు. అంగీకరించని ఖాజీకి పదవి లేదు. అంగీకరించని వాని సాక్ష్యం చెల్లదు. ఈ విచారణకే మిహ్నా, అంటే పరీక్ష, అని పేరు. సిద్ధాంతంలోని సూక్ష్మాల మాట అటుంచితే, విశ్వాస విషయంలో తీర్పు తనదేనని ప్రభుత్వం ప్రకటించుకోవడమే ఇందులోని దౌర్జన్యం.

అత్యధికులు లొంగారు. యహ్యా బిన్ మయీన్ వంటి మహా హదీసువేత్త కూడా అంగీకారం తెలిపారు. వారిని పిరికివారనడం తేలిక, కాని న్యాయం కాదు. వారు వాడుకున్నది ధర్మం ఇచ్చిన సడలింపునే. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై), యువకుడైన ముహమ్మద్ బిన్ నూహ్ మాత్రం కాదన్నారు. ఇద్దరినీ సంకెళ్లతో తర్సూస్ వైపు నడిపించారు. దారిలో మామూన్ మరణవార్త అందింది. తిరుగు ప్రయాణంలో ఇబ్న్ నూహ్ కన్నుమూశారు. తర్వాతి ఖలీఫా ముఅతసిమ్ సమక్షంలో ఇమామ్ కొరడా దెబ్బలు తిన్నారు. ఆయన చెర మొత్తం సుమారు 28 నెలలు.

ఆయన సడలింపును ఎందుకు వదులుకున్నారు? జీవితచరిత్రలలో ఒక ఉల్లేఖనం ఉంది. ప్రాణం కాపాడుకోమని శిష్యుడొకడు బతిమాలితే, బయటికి వెళ్లి చూడమన్నారట ఇమామ్. బయట జనం కలాలు, కాగితాలు పట్టుకొని ఆయన నోట వచ్చే మాట రాసుకోవడానికి వేచి ఉన్నారు. సామాన్యుని మౌనం అతనితో పోతుంది. ఇమామ్ మౌనం వారి చేతుల్లో ఫత్వా అవుతుంది.

మరి ఇది తిరుగుబాటా? కాదు. ఖలీఫా వాసిఖ్ కాలంలో, 846లో అహ్మద్ బిన్ నస్ర్ ఖుజాయీ శిరచ్ఛేదానికి గురయ్యారు. ఆ రోజులలోనే కొందరు ఫుఖహా వచ్చి ఖలీఫాకు విధేయత వదులుకుందామంటే, ముస్లిముల రక్తం పారుతుందని ఇమామ్ వారించారు. సిద్ధాంతాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ముతవక్కిల్ పాలనలో మిహ్నా ఆగింది. కొరడాకు బదులు కానుకలు వచ్చాయి. ఇమామ్ వాటిని స్వీకరించడానికి ఇష్టపడలేదు. కుమారులు ఖలీఫా ధనం పుచ్చుకున్నారని తెలిసి వారి ఇంటి తిండి కూడా మానుకున్నారంటారు.