రైలింజను భూమిలో దిగబడదేం?

వేసవి సెలవులకు మా అక్కయ్య కొడుకు సికింద్రాబాదు వచ్చాడు. ఒకనాడు మా అమ్మను రైలెక్కించటానికి పోతూ వాణ్ణి కూడా స్టేషనుకు తీసుకుపోయాను. మేము చూస్తూ ఉండగానే ఒక పెద్ద కరెంటు ఇంజను వచ్చి ఆగింది. వాడు దాన్ని ఎగాదిగా చూసి, "మామయ్యా, మొన్న వానకు మా ఊళ్ళో ఎడ్లబండి చక్రం బురదలో ఇరుసుదాకా దిగబడింది. బండికన్నా ఈ ఇంజను ఎన్నో రెట్లు బరువు గదా? ఇది భూమిలో దిగబడదేం?" అని అడిగాడు.

"ఇంటికి పోయాక చెబుతానులే. చెప్పటం కాదు, నీచేతే చెప్పిస్తాను," అన్నాను.

ఇంటికి రాగానే వాడిచేత రెండు ప్రయోగాలు చేయించాను. పిల్లలూ, మీరు కూడా చేసి చూడండి.

మొదటిది పెన్సిలు ప్రయోగం. ఒకవైపు మాత్రమే చెక్కిన పెన్సిలును రెండు చూపుడువేళ్ళ మధ్య పెట్టి, మెల్లిగా నొక్కండి. ఎక్కువ నొక్కకూడదు సుమా! ములుకు ఉన్నవైపు వేలు చురుక్కుమంటుంది. రెండోవైపు వేలికి ఏమీ తెలియదు. రెండు వేళ్ళూ నొక్కే బలం ఒక్కటే. మరి తేడా ఎక్కడ ఉంది? ఒకవైపు ఆ బలమంతా ఆవగింజంత చోటులో పడింది. రెండోవైపు అదే బలం ఎక్కువ చోటుకు పంచుకుపోయింది. ఇలా ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద ఎంత బలం పడుతుందో దాన్నే పీడనం అంటారు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది. చోటు పెరిగినకొద్దీ పీడనం తగ్గుతుంది.

రెండోది స్టూలు ప్రయోగం. పెరట్లో మెత్తని ఇసుక కుప్పను చదునుచేసి, దానిమీద స్టూలు వేసి కూర్చోండి. పక్కన పెద్దవాళ్ళెవరైనా పట్టుకుని ఉండాలి. స్టూలు కాళ్ళు ఇసుకలోకి దిగిపోతాయి. ఇప్పుడు ఒక్కొక్క కాలి కింద ఒక్కొక్క ఇటుకను వెడల్పుగా పరిచి, మళ్ళీ కూర్చోండి. ఈసారి స్టూలు దిగబడదు.

దీని లెక్క చూడండి. మీరూ స్టూలూ కలిసి 36 కిలోలు ఉన్నారనుకుందాం. ఒక్కొక్క కాలి అడుగు 9 చదరపు సెంటీమీటర్లయితే, నాలుగూ కలిపి 36. అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువు పడుతున్నది. ఇటుక అడుగు 200 చదరపు సెంటీమీటర్లయితే నాలుగు ఇటుకలకు 800 అవుతుంది. ఇటుకకు 2 కిలోల చొప్పున కలుపుకున్నా మొత్తం బరువు 44 కిలోలే. భాగించి చూడండి, చదరపు సెంటీమీటరుకు 55 గ్రాములే వస్తుంది! బరువు పెరిగింది, కాని పీడనం తగ్గింది.

ఇది మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. నీళ్ళకడవను తలమీద పెట్టుకునేముందు చుట్టకుదురు పెట్టుకునేది ఇందుకే. మీ బడిసంచీకి సన్నని తాడు కాక వెడల్పాటి పట్టీ ఉండేదీ ఇందుకే.

"అయితే రైలుపట్టాల కింద కూడా ఇటుకలు పెట్టారా, మామయ్యా?" అన్నాడు వాడు. దాదాపు అంతే మరి!

వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణమధ్య రైల్వేకు ఈ ఊరే ముఖ్యస్థానం. ఇక్కడి లాలాగూడా షెడ్డులో ఉండే డబ్ల్యు.ఏ.పి.-7 అనే రకం ఇంజను బరువు 123 టన్నులు. దానికి 12 చక్రాలు. అంటే ఒక్కొక్క చక్రం మీద 10 టన్నుల పైచిలుకు బరువు. చక్రం పట్టాను తాకే చోటు ఎంతనుకున్నారు? సుమారు మీ చిటికెనవేలి గోరంత! అంత పీడనాన్ని మట్టి ఎక్కడ భరిస్తుంది? గట్టి ఉక్కు కాబట్టి భరించగలుగుతుంది.

ఇక ఆ బరువు మెట్టుమెట్టుగా కిందికి దిగుతూ, ఒక్కొక్క మెట్టులోనూ వెడల్పవుతుంది. పెద్ద లైన్లలో వేసే పట్టా పైభాగం వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లే గాని, దాని పాదం 15 సెంటీమీటర్లు ఉంటుంది. దాని కింద స్లీపర్లుంటాయి. పూర్వం చెక్కవీ ఇనపవీ వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా కాంక్రీటువి వేస్తున్నారు. ఒక్కొక్కటి 2.75 మీటర్ల పొడవు, అడుగున సుమారు పావు మీటరు వెడల్పు. ఇరుసుకున్న రెండు చక్రాల బరువు, అంటే సుమారు 20 టన్నులు, ఒక్క స్లీపరే మోసిందనుకున్నా చదరపు సెంటీమీటరుకు 3 కిలోలే అవుతుంది. నిజానికి పక్కనున్న స్లీపర్లు కూడా ఆ బరువును పంచుకుంటాయి. స్లీపర్ల కింద అడుగు మందాన పరిచిన కంకరరాళ్ళు ఆ బరువును మరింత విశాలంగా పంచి, భూమికి అందిస్తాయి. గుండ్రాళ్ళయితే జారిపోతాయి, కోసులున్న కంకర ఒకదానితో ఒకటి పెనవేసుకుని కదలకుండా ఉంటుంది.

"మరి వరద వచ్చి కంకర కొట్టుకుపోతే?" అని అడిగాడు వాడు.

అదే అసలు ప్రమాదం! అడుగున ఆధారం లేని స్లీపరు బరువు మోయలేదు. ఆ బరువు పక్కవాటిమీద పడుతుంది. లైను ఒకచోట కుంగి, ఒకచోట ఎత్తుగా తయారవుతుంది. అలాంటి చోట వేగంగా వచ్చే రైలు పట్టాలు తప్పవచ్చు. అందుకనే కీమాన్ అనే ఉద్యోగి తన వంతు లైను వెంట రోజూ నడిచి చూస్తాడు. వానాకాలం రాత్రుళ్ళు, మనం దుప్పటి కప్పుకుని పడుకున్నవేళ, లాంతరు పట్టుకుని లైను కాపలా తిరిగేవాళ్ళుంటారు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "మామయ్యా, మా ఊళ్ళో మేము రైలుకట్ట మీది కంకరరాళ్ళు ఏరుకుని మామిడికాయలు కొట్టేవాళ్ళం. ఇక ఏరను. ఆ రాళ్ళు మా అమ్మమ్మ ఎక్కిన రైలును మోస్తున్నాయి గదా!" అన్నాడు.

పిల్లలూ, మీరు కూడా రైలుకట్ట ఎక్కకండి, రాళ్ళు ముట్టుకోకండి. ఇంట్లోనే గళ్ళకాగితం మీద మీ పాదం గీసి, ఎన్ని చదరపు సెంటీమీటర్లుందో లెక్కపెట్టండి. మీ బరువును దానితో భాగించండి. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు భూమిని ఎంత పీడనంతో నొక్కుతున్నారో తెలుస్తుంది!