నేతి మిఠాయి వర్తకుడు పుల్లారెడ్డి: చిన్న దుకాణం పెద్ద పేరైన తీరు

(మా వాణిజ్య విలేఖరి)

పుత్తూరు: ధర చూసి కొనే సరకులు కొన్ని, మనిషిని చూసి కొనేవి కొన్ని. నెయ్యి రెండో రకం. తిరుపతి - చెన్నై రోడ్డు మీద, రేణిగుంట - అరక్కోణం రైలుమార్గంలో ఉన్న పుత్తూరు బజారులో కిరాణా కొట్లకు, మిఠాయి దుకాణాలకు ఇది నిత్యం కావలసిన సరకు. 2024లో తిరుమల లడ్డూ నేతి నాణ్యంపై రేగిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పాటుకు దారితీసింది. కిలో సుమారు 320 రూపాయలకు సరఫరా అయిన నెయ్యి చుట్టూ ఆ వివాదం నడిచింది. చౌకగా దొరికిన నెయ్యి చివరకు ఎంతకు పడుతుందన్న ప్రశ్న ఈ ప్రాంతపు వర్తకులందరి ముందూ నిలిచింది.

ఈ ప్రశ్నకు రాయలసీమలోనే ఒక వర్తకుడు తన జీవితంతో జవాబు చెప్పి వెళ్ళాడు. ఆయనే కీర్తిశేషులు జి. పుల్లారెడ్డి.

కర్నూలులో ఆరంభం

పుల్లారెడ్డి 1920లో నాటి కర్నూలు జిల్లా గోకవరం గ్రామంలో జన్మించారు. 1948లో కర్నూలు పట్టణంలో మిఠాయి దుకాణం పెట్టారు. పెద్ద పెట్టుబడి గల ఇంటి నుంచి వచ్చినవారు కారు. వనస్పతి అప్పటికే బజారులో స్థిరపడింది. డాల్డా డబ్బా 1937 నుంచీ ఉంది. నెయ్యి కంటే చౌక, పైగా త్వరగా పాడుకాదు. కొత్తగా కొట్టు పెట్టినవారికి అది సులువైన దారి. ఆయన మాత్రం నేతి మిఠాయినే ఎంచుకున్నారు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. రాజధాని వెంట వచ్చే గిరాకీ రాజధానితోనే పోతుందని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు ఊరి ఖాతాదారును నిలుపుకున్న కొట్టే మిగులుతుంది. పుల్లారెడ్డి కొట్టు కర్నూలులో నిలిచింది. తర్వాత హైదరాబాదులోనూ శాఖలు వెలిశాయి.

లెక్క ఎక్కడ తేలుతుంది?

మిఠాయి వ్యాపారంలో లాభనష్టాలు ఎక్కువగా నెయ్యి దగ్గరే తేలతాయి. చక్కెర, శనగపిండి ధరలు పెరిగినా వాటి భారం తక్కువ. ఉదాహరణకు కిలో మైసూరుపాకుకు అరకిలో నెయ్యి పడుతుందనుకుందాం. నెయ్యి కిలోకు 40 రూపాయలు పెరిగితే మిఠాయి కిలోకు 20 రూపాయల భారం పడుతుంది. రోజుకు 50 కిలోలు అమ్మే కొట్టుకు అది దినానికి 1,000 రూపాయలు, నెలకు 30,000 రూపాయలు. ఎండాకాలంలో పాలు తగ్గి వెన్న ప్రియమైనప్పుడు ఈ భారం ఇంకా హెచ్చుతుంది.

అప్పుడు వర్తకుడికి దారులు మూడు. ధర పెంచడం, లాభం తగ్గించుకోవడం, నేతిలో మరో కొవ్వు కలపడం. మొదటి దానితో కొందరు ఖాతాదారులు పోవచ్చు. రెండో దానితో ఇంటి ఖర్చుకు ఇబ్బంది. మూడోది ఆ నెల లెక్కలో కనబడదు. అందుకే చాలామందికి ఆశ పుడుతుంది. బోర్డు మీద 'నేతి మిఠాయిలు' అని పేరుతో సహా రాసుకున్న పుల్లారెడ్డికి ఆ మూడో దారి లేదు. ఆ మాట తప్పితే పోయేది ఒక వాయి మిఠాయి కాదు, కొట్టు పేరే.

కల్తీ దాగదు

వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని ప్రభుత్వం పూర్వమే నిబంధన పెట్టింది. దాని ఉద్దేశం రుచి కాదు, నిఘా. అనుమానం ఉన్న నేతికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్ కలిపి కుదిపితే, నువ్వుల నూనె ఉన్నట్టయితే ఆమ్లపు పొర ఎర్రబారుతుంది. దీన్నే బౌడోయిన్ పరీక్ష అంటారు. పామాయిల్ వంటివి కలిస్తే ఈ పరీక్షకు దొరకవు. అందుకే ప్రయోగశాలలు నేతిలోని ప్రత్యేక కొవ్వు ఆమ్లాలను కొలిచి ఆర్.ఎం. విలువ చూస్తాయి. ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది. పుల్లారెడ్డి కొట్టు పెట్టింది అంతకు ఆరేళ్ళ ముందు.

ఇల్లు, దానధర్మం

ఆర్జన పెరిగాక పుల్లారెడ్డి దాన్ని చదువుల వైపు మళ్ళించారు. ఆయన పేరిట ధర్మనిధి ఏర్పడింది. 1980ల నడుమ కర్నూలులో ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 1997లో హైదరాబాదులో ఆడపిల్లల కోసం మరో ఇంజనీరింగ్ కళాశాల నెలకొల్పి, దానికి భార్య నారాయణమ్మ పేరు పెట్టారు. కొట్టు మీద తన పేరు, కళాశాల మీద ఇల్లాలి పేరు. పొద్దు పొడవకముందే పొయ్యి వెలగాల్సిన వ్యాపారంలో ఇంటివారి ఓర్పు కూడా పెట్టుబడేనని ఎరిగినవారికి ఇందులో వింత లేదు.

2007 మేలో ఆయన కన్నుమూశారు. తర్వాతి తరం వారు ఆ పేరుతోనే వ్యాపారం సాగిస్తున్నారు.

వర్తకులకు సూచన

నేతిపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. విడిగా అమ్మే మిఠాయిలకు ఏ తేదీలోగా వాడాలో రాసి పెట్టాలన్న నియమం 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. బజారు ధర కంటే బాగా తక్కువకు నెయ్యి వచ్చినప్పుడు బిల్లు, బ్యాచి నంబరు తీసుకుని, నమూనా పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకే సరకు దించుకోవడం క్షేమం. పరీక్షకయ్యే ఖర్చును ఆ సరకు ఖాతాలోనే రాసుకుంటే అసలు ధర ఎంతో తేలుతుంది. అలా లెక్క వేసినప్పుడు చౌక నెయ్యి ఎన్నిసార్లు చౌకగా మిగులుతుందో పుత్తూరు వర్తకులు తమ చిట్టాలోనే చూసుకోవచ్చు.