ఎడారిలో నల్ల అంగీ ఎందుకు?

ఎండాకాలం రాగానే ఇంట్లో పెద్దవాళ్ళు మీకు తెల్లని, పలుచని బట్టలు వేస్తారు. నలుపు వేడిని పీల్చుకుంటుంది, తెలుపు తిప్పికొడుతుంది అని పాఠంలో మీరూ చదువుకున్నారు. మరి సినాయి ఎడారిలో మేకలు మేపుకునే బెదూయిన్లు మెడ నుంచి మడమల దాకా వేలాడే నల్లని నిలువుటంగీలు తొడుక్కుంటారే! వారికి ఈ సంగతి తెలియదా? నీళ్ళు దొరకని ఆ చోట చెమటగా పోయే ప్రతి చుక్కా విలువైనదే. తగని బట్ట కట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

ఈ చిక్కుప్రశ్న శాస్త్రజ్ఞులనూ ఆకర్షించింది. అమిరామ్ ష్కోల్నిక్, మరి ముగ్గురు కలిసి నెగెవ్ ఎడారిలో ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 1980లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మిట్టమధ్యాహ్నం ఒక మనిషిని సూర్యుడికి ఎదురుగా అరగంటసేపు నిలబెట్టారు. ఒకసారి నల్ల అంగీతో, ఒకసారి తెల్ల అంగీతో, ఇంకోసారి సైనిక దుస్తులతో, మరోసారి ఉత్త లాగుతో! గాలి ఉష్ణోగ్రత 35 నుంచి 46 డిగ్రీల సెంటీగ్రేడు. ఆ మనిషి ఓపికను మెచ్చుకోవలసిందే.

తేలిందేమిటి? నల్లగుడ్డ తెల్లదానికంటె ఎక్కువ వేడిని పీల్చుకున్న మాట నిజమే. మీ పాఠంలో తప్పేమీ లేదు. కాని ఆ అదనపు వేడి ఒంటిని చేరనే లేదు! రెండు అంగీలలోనూ శరీరానికి చేరిన వేడి ఒక్కటే.

మరి ఆ వేడి ఎటు పోయినట్లు? అంగీ వదులుగా ఉండడంలోనే ఉంది కిటుకంతా. గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి ఉంటుంది. ఎండకు కాగిన గుడ్డ ఆ గాలిని వేడెక్కిస్తుంది. వేడిగాలి తేలిక కదా! పొగగొట్టంలో పొగలాగా అది పైకి పోయి మెడ దగ్గర బయటపడుతుంది. ఆ ఖాళీలోకి అంచు కిందనుంచి వేరే గాలి వస్తుంది. నడుస్తున్నప్పుడో, గాలి వీచినప్పుడో అంగీ రెపరెపలాడి, కమ్మరి కొలిమితిత్తిలాగా లోపలి గాలిని బయటికి నెడుతుంది. ఇలా గాలి ఆడుతుంటే చెమటా చక్కగా ఆరుతుంది. చెమట ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుందని మీకు తెలుసు. ఎండ సూటిగా చర్మంమీద పడకపోవడం మరో లాభం.

మన లాయర్ల నల్లకోటుకు ఈ సదుపాయం లేదు. అది ఒంటికి అతుక్కుని ఉంటుంది, గాలి ఆడే దారి తక్కువ. మండువేసవిలో వారి అవస్థ చూడాలి! నల్లగొడుగు సంగతి వేరు. అదెంత కాగినా తలకు ఎడంగా ఉంటుంది కనుక వేడిని గాలి ఎత్తుకుపోతుంది.

కావాలంటే ఒక పరీక్ష చేయండి. ఎండలో రెండు చేతులూ చాచండి. ఒక చేతిమీద నల్లగుడ్డను బిగుతుగా చుట్టండి. రెండో చేతికి జానెడు ఎత్తున అలాంటి గుడ్డనే మీ నేస్తాన్ని పట్టుకోమనండి. నాలుగైదు నిమిషాలలో ఏ చెయ్యి ముందు చురుక్కుమంటుందో చూడండి. గాలి వీచే రోజున ఒకసారి, వీచని రోజున మరోసారి చేస్తే ఇంకా బాగుంటుంది.