గూటి కాపలాలో కాకటీల్ కోపం

ఆస్ట్రేలియాలో చెట్టు తొర్రల్లో గుడ్లు పెట్టే చిలుక జాతి పక్షి కాకటీల్, పంజరంలో పుట్టి పెరిగినా తొర్ర మీది హక్కును వదులుకోదు కాబట్టి, తొర్రకు బదులుగా అమర్చే చెక్క గూడుపెట్టె కనబడిన నాటి నుంచి, అంతవరకు భుజమెక్కి ఆడిన పక్షే తల మీది జుట్టును వెనక్కి అణచి, నోరు తెరిచి బుసకొడుతూ, దగ్గరకు వచ్చిన చేతిని పొడుస్తుంది. రోజు విడిచి రోజు చొప్పున సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు పెట్టాక, సుమారు 3 వారాల పాటు ఎక్కువగా పగలు మగది, రాత్రి ఆడది పొదుగుతాయి. అప్పుడు పెట్టెను మాటిమాటికి తెరిచి చూడడం యజమాని తప్పే గాని పక్షి పొగరు కాదు. జంటల మధ్య పోరు చాలావరకు పెట్టె కోసమే గనుక ఒక్కో జంటను విడి పంజరంలో ఉంచాలి. మళ్లీ జతకు తొందరపడి పిల్లల ఈకలు పీకే తండ్రిని వేరుచేసి, పిల్లలు సొంతంగా తినడం నేర్చాక పెట్టె తీసేసి, వెలుతురు గంటలు తగ్గిస్తే, సంతానోత్పత్తి తహతహతో పాటు కోపమూ క్రమంగా చల్లారుతుంది.